బడి మరుగుదొడ్డి ఎవరు కడగాలి?

ఈ చిన్న పుస్తకంలో ఒక ప్రశ్న మీ ముందు పెడుతున్నాం. మన పిల్లలు చదివే బడిలో మరుగుదొడ్డి ఎవరు కడగాలి?

శీలం, సమాధి, ప్రజ్ఞ గురించి చెప్పుకునే చోట ఈ మరుగుదొడ్డి ముచ్చట ఏమిటి అని మీకు అనిపించవచ్చు. బాబాసాహెబ్ మనకు నేర్పిన మాట గుర్తు చేసుకోండి. ఒంటరిగా బతికే మనిషికి ధమ్మంతో పని లేదు, ఇద్దరు మనుషులు కలిసి బతకాల్సి వచ్చినప్పుడే ధమ్మం కావాలి అన్నారాయన. బడిలో వందలమంది రోజూ ఏడెనిమిది గంటలు కలిసి గడుపుతారు. అక్కడ ఎవరి మురికి ఎవరు ఎత్తుతున్నారు, ఎవరి దాహం ఎవరికి పట్టింది, ఎవరి మాట ఎవరు వింటున్నారు అన్నది ధమ్మం అడగాల్సిన ప్రశ్నే.

కొన్ని బళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. జవాబు ఊరికి ముందే తెలుసు కాబట్టి! పిల్లవాడు ఏ వాడ నుంచి వస్తున్నాడో చూస్తారు. "ఒరేయ్, నువ్వెళ్ళి రెండు బక్కెట్లు నీళ్ళు కొట్టు" అంటారు. వాడు వెళ్తాడు. మర్నాడు కూడా వాడే వెళ్తాడు. ఇంటికొచ్చి అమ్మానాన్నలకు చెప్పడు, సిగ్గు. ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. 2022లో తమిళనాడులోని ఈరోడ్ జిల్లాలో దళిత పిల్లలతో బడి మరుగుదొడ్లు కడిగించారు. 2023 డిసెంబరులో మన చిత్తూరు సరిహద్దుకు ఆనుకునే ఉన్న కర్ణాటకలోని కోలార్ జిల్లాలో, ఒక గురుకులం పిల్లల్ని ఏకంగా మురుగు గుంటలోకే దింపారు. రెండు చోట్లా కేసులు నమోదయ్యాయి. బయటికి రానివి ఎన్నో!

సతారా బడి చెప్పే పాఠం

బాబాసాహెబ్ తన చిన్నతనం గురించి రాసుకున్నది మీలో చాలామందికి తెలుసు. సతారాలో చదువుకునేటప్పుడు ఆయన తరగతిలో అందరితో కలిసి కూర్చోకూడదు. ఇంటి నుంచి గోనె పట్టా తెచ్చుకుని, ఒక మూల దాని మీద కూర్చోవాలి. బడి శుభ్రం చేసే పనిమనిషి ఆ పట్టాను ముట్టుకోడు. అందుకని సాయంత్రం దాన్ని ఇంటికి మోసుకెళ్ళి మళ్ళీ పొద్దున తెచ్చుకోవాలి. దాహం వేస్తే కుళాయి తిప్పుకోకూడదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్ళు. బంట్రోతు రాని రోజు దాహంతోనే ఇంటికి పోవాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ బడిలో కుళాయి ఉంది. శుభ్రం చేసే మనిషీ ఉన్నాడు. తనిఖీకి వచ్చిన అధికారి తన కాగితం మీద 'నీటి వసతి కలదు, పారిశుద్ధ్యం కలదు' అని రాసుకుపోతాడు. ఆ రాత అబద్ధమూ కాదు. కానీ ఆ నీరు ఒక పిల్లవాడి గొంతు దాకా చేరలేదు. ఆ చీపురు ఒక పిల్లవాడు కూర్చున్న చోటి దాకా రాలేదు. కాబట్టి బడి బాగుందా లేదా అని తేల్చాలంటే కుళాయిలు లెక్కపెడితే చాలదు. ఆ బడిలో అందరికంటే కింద నిలబెట్టిన మనిషి పరిస్థితి ఏమిటో చూడాలి. ఈ పుస్తకంలో మేము చెప్పదలుచుకున్నది అదే.

తథాగతుడు మరుగుదొడ్డి గురించి కూడా మాట్లాడాడు

వినయ పిటకంలో భిక్ఖువులు మరుగుదొడ్డి ఎలా వాడాలో నియమాలున్నాయి. లోపలికి వెళ్ళే ముందు దగ్గాలి, లోపల ఎవరైనా ఉంటే వాళ్ళూ దగ్గి తెలియజెయ్యాలి. మురికిగా ఉంటే చూసినవాడే శుభ్రం చెయ్యాలి. కడుక్కునే కుండలో నీళ్ళు అయిపోతే నింపి రావాలి. 'ఇది పలానా భిక్ఖువు పని' అని అక్కడ లేదు. చూసినవాడి పని, అంతే!

ఇంకొక నియమం మరీ గొప్పది. సంఘంలో మర్యాదలన్నీ పెద్దరికాన్ని బట్టి నడిచేవి. మరుగుదొడ్డి దగ్గర కూడా ముందు పెద్దలు, తర్వాత చిన్నలు అనే పద్ధతి పెట్టుకున్నారు. చిన్న భిక్ఖువులు ముందొచ్చి కూడా ఆపుకుని నిలబడలేక స్పృహ తప్పి పడిపోయేవాళ్ళు. ఆ సంగతి తెలిసి తథాగతుడు, అక్కడ పెద్దరికం చెల్లదు, వచ్చిన వరుసలోనే వెళ్ళాలి అని నియమం చేశాడు. శరీరానికి అవసరం పడ్డప్పుడు మనుషులంతా సమానమే అని ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పారు? ఇప్పుడు మన బళ్ళలో 'స్టాఫ్ టాయిలెట్' కు తాళం వేసి ఉంటుంది, పిల్లల దొడ్డికి తలుపే ఉండదు. రెండువేల అయిదువందల ఏళ్ళ కిందటి నియమం మనల్ని చూసి ఏమనుకుంటుందో!

నీళ్ళ సంగతీ అంతే. భిక్ఖువు దగ్గర ఉండే కొద్ది వస్తువుల్లో నీళ్ళు వడగట్టే గుడ్డ ఒకటి. నీళ్ళలోని సూక్ష్మ జీవాలకు కూడా హాని జరగకూడదని ఆ గుడ్డ. ఇద్దరు భిక్ఖువులు దారిలో గొడవపడి, ఒకడు తన వడపోత గుడ్డ రెండోవాడికి ఇవ్వలేదు. ఆ రెండోవాడు దాహంతో చనిపోయాడు. అప్పటినుంచి ప్రయాణంలో అడిగినవాడికి వడపోత గుడ్డ ఇవ్వకపోవడం తప్పు అన్నాడు తథాగతుడు. నీళ్ళు శుభ్రంగా ఉండాలి, ఆ శుభ్రమైన నీళ్ళు అడిగినవాడికి అందాలి. రెండూ కలిస్తేనే నియమం పూర్తయింది.

అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న భిక్ఖువు కథ కూడా మీకు తెలిసిందే. ఎవరూ అతని దగ్గరకు రాలేదు. ఎందుకంటే అతని వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. తథాగతుడు ఆనందుడితో నీళ్ళు తెప్పించి, తానే స్వయంగా పోసి, ఇద్దరూ కలిసి అతన్ని కడిగి పడుకోబెట్టారు. నాకు సేవ చేద్దామనుకునేవాడు రోగికి సేవ చెయ్యాలి అన్నది ఆ రోజు ఆయన చెప్పిన మాటల సారం. అదే తథాగతుడు, వాడిపోయిన పూలూ చెత్తా ఎత్తిపోసే సునీతుణ్ణి సంఘంలోకి రమ్మని పిలిచాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చెత్త ఎత్తేవాణ్ణి ఆ పని నుంచి పైకి తీసుకొచ్చాడు. పైన ఉన్న తాను మలం కడగడానికి కిందికి వంగాడు. పనికీ పుట్టుకకూ ఉన్న ముడిని రెండు వైపుల నుంచీ తెంపాడు.

రెండు తప్పుదారులు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మన వాళ్ళు కొందరు ఇలా అంటారు: "తాతల నాటి నుంచీ చేశాం, చాలు. మా పిల్లలు చీపురు ముట్టకూడదు. ఎవరినైనా పెట్టి చేయించుకోండి." ఈ కోపం న్యాయమైనది. 1927లో మహాడ్ సభల్లో చచ్చిన పశువుల్ని మోయడం మానెయ్యమని చెప్పిన బాబాసాహెబ్ పిల్లలం మనం. కానీ ఒక ప్రశ్న వేసుకోండి. ఆ 'ఎవరినైనా' అంటే ఎవరు? చాలా బళ్ళలో ఆ పనికి వచ్చేది మన వాడలోనే ఇంకా పేద ఇంటి ఆడమనిషి. నెలకు కొద్ది డబ్బులు, అవీ నెలల తరబడి రావు. మన బిడ్డ చేతిలోంచి చీపురు తీసి మన చెల్లెలి చేతిలో పెట్టాం. చీపురు వాడ దాటి పోనేలేదు!

ఇంకొందరు దీనికి పూర్తి ఎదురు మాట చెబుతారు: "శ్రమ గొప్పది. పారిశుద్ధ్యం పవిత్రమైన సేవ. పిల్లలు చేస్తే తప్పేంటి?" ఈ మాట బాబాసాహెబ్‌కు బాగా తెలుసు. పాకీపనిని గొప్ప సేవ అని పొగిడి, ఆ పొగడ్తతోనే ఒక కులాన్ని అందులో ఉంచెయ్యడం క్రూరమైన ఎగతాళి అని 1945లో వచ్చిన తన పుస్తకంలో గాంధీ వాదాన్ని ఆయన తిప్పికొట్టారు. పని అంత పవిత్రమైతే పొగిడేవాళ్ళ పిల్లలు వరుసలో ఎందుకు లేరు?

మరి జపాన్ బళ్ళలో పిల్లలు రోజూ గదులూ వరండాలూ తుడుస్తారు కదా, చాలాచోట్ల మరుగుదొడ్లు కూడా కడుగుతారు కదా అని అడుగుతారు. నిజమే. అక్కడ విహారాల్లో కూడా ఊడవడం సాధనలో భాగం. కానీ ఆ బళ్ళలో ఏం జరుగుతుందో పూర్తిగా చూడండి. డాక్టరు కొడుకూ, డ్రైవరు కూతురూ ఒకే బృందంలో ఉంటారు. వంతులు మారుతుంటాయి. టీచర్లూ కలుస్తారు. అక్కడ చీపురు పట్టినందుకు ఎవరూ ఎవరికంటే తక్కువ కారు. ఇక్కడ ఒకే చీపురు ఒక పిల్లవాడి చేతిలో పాఠం, ఇంకొక పిల్లవాడి చేతిలో అవమానం. తేడా చీపురులో లేదు. ఎవర్ని ఎంచి పిలిచారన్న దాంట్లో ఉంది.

కాబట్టి మధ్యేమార్గం ఇలా ఉంటుంది. తరగతి ఊడవడం, బల్లలు తుడవడం, మొక్కలకు నీళ్ళు పొయ్యడం లాంటివి అందరు పిల్లలూ, ఆడా మగా, టీచర్లతో సహా, వంతుల ప్రకారం చెయ్యొచ్చు. వంతుల పట్టిక గోడ మీద అందరికీ కనబడాలి. మరుగుదొడ్డిని వాడిన ప్రతివాడూ నీళ్ళు పోసి రావాలి, అది వినయ నియమమే. కానీ యాసిడ్‌తో కడగడం, ట్యాంకులు, మురుగు కాలువలు శుభ్రం చెయ్యడం పెద్దవాళ్ళు చెయ్యాల్సిన ఉద్యోగం. దానికి జీతం, పనిముట్లు, శిక్షణ, గౌరవం ఉండాలి. సెప్టిక్ ట్యాంకులోకి ఏ మనిషినీ రక్షణ లేకుండా దింపకూడదని 2013 చట్టం చెబుతోంది. అది యంత్రం పని.

కర్మ అనకండి, కారణం అడగండి

బడిలో ఏదైనా ఘోరం జరిగితే జనం అనే మాట ఒకటుంది: "వాళ్ళ రాత అలా ఉంది." ఇది మనం అనకూడని మాట. పోయిన జన్మ పాపం వల్ల పసిపిల్లలు చనిపోతారన్న సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. తథాగతుడు చెప్పింది కార్యకారణ సంబంధం. ఇది ఉంటే అది జరుగుతుంది. ఇది తీసేస్తే అది ఆగుతుంది.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు కాలిపోయారు. రాత అందామా? మధ్యాహ్న భోజనం వండే పొయ్యి నిప్పు పైన ఆకుల కప్పు. ఇరుకు మెట్లు. బయటపడే దారి సరిగా లేదు. ఇవీ కారణాలు. ఏ ఒక్కటి ముందే తీసేసినా అంతమంది పోయేవాళ్ళు కాదు. ఆ ఘటన తర్వాతే బళ్ళలో అగ్నిప్రమాద భద్రత తప్పనిసరి అని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

సరిగ్గా తొమ్మిదేళ్ళకు, 2013 జులై 16న, బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ ఊళ్ళో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉంది. మన పత్తి రైతులకు ఆ పేరు బాగా తెలుసు. నూనె తేడాగా ఉందని వండే ఆమె చెప్పింది. ఆమె మాట ఎవరూ లెక్కచెయ్యలేదు. ఆమె కూడా ఆ కూర రుచి చూసి ఆస్పత్రి పాలైంది.

బంధువులారా, ఇక్కడే సతారా బడి పాఠం మళ్ళీ గుర్తు చేసుకోవాలి. నూనె వాసన అందరికంటే ముందు తెలిసేది వంటామెకు. ట్యాంకులో కప్ప చచ్చిందని ముందు తెలిసేది నీళ్ళు పట్టే ఆయాకు. గోడకు కరెంటు కొడుతోందని ముందు తెలిసేది గదులు తుడిచే మనిషికి. ప్రమాదం కింది నుంచే కనబడుతుంది. కింద ఉన్న మనిషి నోరు మూయిస్తే బడికి కళ్ళు పోయినట్టే. సమానత్వం అనేది సభల్లో చెప్పుకునే మాట మాత్రమే కాదు, అది పిల్లల ప్రాణాల్ని కాపాడే ఏర్పాటు.

పనిచేసే వాళ్ళ ఒళ్ళు కూడా ఒళ్ళే

బడి ఆరోగ్యం అంటే పిల్లల ఆరోగ్యమే అనుకుంటాం. పొద్దున్నే యాసిడ్ సీసా పట్టుకుని దొడ్లోకి వెళ్ళే ఆయా సంగతి చూడండి. చేతికి తొడుగు లేదు, కాళ్ళకు బూట్లు లేవు. బాగా తెల్లబడుతుందని యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపేస్తారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. గాలి ఆడని చిన్న గదిలో అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. ఈ ఒక్క సంగతి మీ ఊరి ఆయాకు ఈరోజే చెప్పండి. రెంటినీ ఎప్పుడూ కలపకూడదు.

కట్టెల పొయ్యి దగ్గర వందమందికి వండే అమ్మలు రోజూ పొగ మింగుతారు. బడిలో సరైన దొడ్డి లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా ఉండే టీచరమ్మలు ఉన్నారు. పెద్దమనిషైన ఆడపిల్లలూ అంతే. ఆపుకుని ఆపుకుని మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటారు. నెలసరి రోజుల్లో నీళ్ళూ తలుపుకు గడియా చెత్తబుట్టా లేక బడి మానేస్తారు. మానిన పాఠాలు పోగుపడి చివరికి చదువే మానే పిల్లలున్నారు. చదువుకోండి అన్న బాబాసాహెబ్ పిలుపుకు ఒక తలుపు గడియ అడ్డం పడుతోంది. ఇంత చిన్న సంగతి అంత పెద్ద నష్టం చేస్తుంది.

నేల మీది మలం నుంచి వచ్చే కొంకి పురుగు ఉత్తకాళ్ళ గుండా ఒంట్లోకి చేరి రక్తం పీలుస్తుంది. రక్తం లేని పిల్ల తరగతిలో తూగుతుంది. మేష్టారు "మొద్దు" అంటాడు. ఆ 'మొద్దుతనం' కూడా పుట్టుకతో వచ్చింది కాదు, దానికీ కారణముంది. ఏడాదికి రెండుసార్లు బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పకుండా వేయించండి. ఉత్తకాళ్ళతో దొడ్డికి పంపకండి.

ఉపాసకులు చెయ్యాల్సింది

సమ్మా వాయామం అంటే సరైన ప్రయత్నం. చెడు రాకముందే ఆపడం దానిలో మొదటి మెట్టు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, అందరికీ సురక్షితమైన తాగునీరు, వంటగది ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, బలహీన వర్గాల వాళ్ళకు వాటా ఉండాలి. ఆ కుర్చీ మనది. ఖాళీగా వదలకండి. నెలకు ఒకసారి నలుగురు కలిసి బడికి వెళ్ళండి. గొడవకు కాదు, మైత్రితో. వెళ్ళి ఇవి చూడండి:

1. నీళ్ళు ఎక్కడివి? ట్యాంకు ఎప్పుడు కడిగారు? మూత ఉందా? బోరు నీళ్ళయితే పరీక్ష చేయించారా? ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. నల్లగొండ జిల్లాలో వంకర తిరిగిన కాళ్ళు మనం చూసినవే.

2. మరుగుదొడ్డికి తలుపు, గడియ, నీళ్ళు, సబ్బు ఉన్నాయా? తాళం వేసి ఉందా? కడిగేది ఎవరు? పేరు అడగండి.

3. సెప్టిక్ ట్యాంకు మూత గట్టిగా ఉందా? వేలాడే వైర్లు, పెచ్చులూడే కప్పు, పగిలిన స్విచ్చులు ఉన్నాయా?

4. వంట సరుకులు ఎక్కడ పెడుతున్నారు? పిల్లలకు పెట్టే ముందు పెద్దవాళ్ళు రుచి చూస్తున్నారా? అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటున్నారా?

5. ఆయాకు, వంటామెకు జీతం అందిందా? తొడుగులు, బూట్లు ఇచ్చారా? వాళ్ళతో అయిదు నిమిషాలు కూర్చోండి. "అక్కా, ఇక్కడ నీకు భయంగా అనిపించేది ఏదైనా ఉందా?" అని అడగండి. తనిఖీ కాగితంలో లేని జవాబు వస్తుంది.

చూసింది తేదీ వేసి కాగితం మీద పెట్టండి. హెడ్ మాస్టారికి ఒకటి, మండల విద్యాధికారికి ఒకటి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. కులం చూసి పిల్లలతో దొడ్లు కడిగిస్తుంటే మాత్రం మర్యాదగా అడిగి ఊరుకోకండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 ఉంది. ఈరోడ్ కేసులో దాన్నే వాడారు. మైత్రి అంటే అన్యాయం చేసినవాణ్ణి ద్వేషించకపోవడం. అన్యాయాన్ని సాగనివ్వడం కాదు.

ఇంకొక మాట. ఇదే కొలత మన దగ్గర కూడా పెట్టి చూసుకోవాలి. మన విహారం, మన అంబేడ్కర్ భవనం, భీమ్ జయంతి రోజు మన పందిరి. సభ అయిపోయాక ప్లేట్లు ఎత్తేది ఎవరు? వేదిక మీద మాట్లాడినవాళ్ళలో ఎంతమంది చీపురు పడతారు? ఇంట్లో బాత్రూం కడిగేది ఆడపిల్లేనా, మగపిల్లవాడికి వంతు ఉందా? ఇంట్లో వంతు నేర్చిన పిల్లవాడు బడిలో ఇంకొకడి మీద ఆ పని తొయ్యడు.

బడి మరుగుదొడ్డి ఎవరు కడగాలి అని మొదట అడిగాం. వాడినవాడు నీళ్ళు పొయ్యాలి. చూసినవాడు ఊరుకోకూడదు. కష్టమైన పనికి జీతమూ రక్షణా ఉన్న ఉద్యోగి ఉండాలి. పుట్టుక చూసి మాత్రం ఎవర్నీ పిలవకూడదు. ఈ నాలుగూ ఉన్న బడిలో పెంకుటిల్లే ఉన్నా అది విహారంతో సమానం. ఇవి లేని బడికి పాలరాయి పరిచినా, ఆ రాయి మీద ఒక పిల్లవాడు ఇంకా గోనె పట్టా వేసుకుని కూర్చున్నట్టే.

వచ్చే సోమవారం మీ ఊరి బడికి వెళ్ళండి.

నమో బుద్ధాయ! జై భీమ్!